రెండు చెట్లు పరుగు, రెండు చెట్లు నడక

మా వైపు ఎవడైనా పరుగెత్తుకుంటూ ఊళ్లోకి వచ్చాడంటే ఎవరో పోయారని అర్థం. అందులోనూ ఆ వచ్చేవాడు మా ఇంటి వాడైతే ఇంక అనుమానమే లేదు. మొహం కనబడకముందే ఆడవాళ్లు ఏడుపు అందుకునేవాళ్లు. ఎగతాళికి చెప్పడం లేదు. నా కాళ్లకు పట్టిన పీడ అదే.

మార్కాపురానికి రెండు మైళ్లలో, పెద్దారవీడు పోయే రోడ్డు పక్కన ఉంటుంది మా ఊరు. మద్రాసు రాజధాని రోజులవి. మా తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. మా నాయన ఊరికి వెట్టి. వెట్టి అంటే ఈ కాలం వాళ్లకు విడమరిచి చెప్పాలి. ఊరికి మునసబు ఉంటాడు, కరణం ఉంటాడు, తలారి ఉంటాడు, వాళ్లందరి కిందా వెట్టివాడు ఉంటాడు. తాసిల్దారు మకాం వేస్తే గుర్రానికి గడ్డి కోయాలి, కట్టెలు కొట్టాలి. కరణంగారి లెక్కల పుస్తకాల మూట, దఫ్తరం, నెత్తిన పెట్టుకొని కచేరీకి మోయాలి. పిలిచేదాకా చావిడి ముందర ఎండలో చేతులు కట్టుకొని నిలబడాలి. అన్నిటికీ మించి, ఊళ్లో ఎవరు పోయినా చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న వాళ్ల బంధువులకు పరుగున పోయి చెప్పాలి. పోయింది రెడ్డయినా సరే, ఊరి బయట మా పాలెం వాడైనా సరే, చావు కబురు మోసేది మా ఇంటివాళ్లే. దీనికి ఎప్పుడో ఎవరో ఇచ్చిన ఒక ఎకరం మాన్యం ఉండేది మాకు. అందులో రాళ్లు బాగా పండేవి.

తాత నుంచి నాయనకు వచ్చింది, నాయన నుంచి నాకు రావాలి. నీకిష్టమేనా అని అడిగేవాడు ఎవడూ లేడు. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్లుంటాయి. పాలెంలో మిషను వాళ్ల బడిలో అయిదో తరగతి దాకా చదివాను. చదువు ఎంత వచ్చిందో గాని కోపం మాత్రం బాగా వచ్చేది. చావిడి ముందర నాయన వంగి నిలబడడం చూస్తే కడుపు మండిపోయేది.

మా మునసబు దుర్మార్గుడేం కాదు. అదే నాకు ఇంకా ప్రాణసంకటం. దుర్మార్గుడైతే తిట్టుకొనైనా బతకొచ్చు. ఈయన నవ్వుతూ పలకరించేవాడు.

"ఏందిరా, మీ నాయనకు మోకాలు వాచిందంట గదా? ఇంక నువ్వు తయారుగావాల" అనేవాడు.

ఆ మాట వినబడితే చాలు, గడ్డి కొడవలి పట్టుకొని అక్కణ్ణుంచి జారుకునేవాణ్ణి. ఎందుకంటే తయారు కావడానికి పెద్ద తతంగం ఏమీ లేదు. మా ఊళ్లో కొత్త వెట్టి ఎక్కే పద్ధతి ఒకటుంది. చావిడి దగ్గర నలుగురి ముందర మునసబు పోయినవాళ్ల పేరూ, కబురు చెప్పాల్సిన ఊళ్ల పేర్లూ చెబుతాడు. కుర్రవాడు వాటిని గట్టిగా తిరిగి చెప్పి బయల్దేరతాడు. అంతే. ఆ పూట నుంచి వాడే వెట్టి. కచేరీ కాగితం తర్వాత ఎప్పుడో తీరిగ్గా వస్తుంది. ఒక్కసారి, ఒకే ఒక్క చావు కబురు మోశానంటే చచ్చేదాకా నేను కదలను. అందుకని ఎంత చిన్న కబురైనా సరే మోయనని ఒట్టు పెట్టుకున్నాను. జ్వరమన్నాను, కడుపునొప్పి అన్నాను, గడ్డికి పోయి పొద్దుగూకేదాకా రాలేదు. నాయన వాచిన మోకాలితోనే కుంటుకుంటూ పోయేవాడు.

మా కులం వాళ్లలో పరుగెత్తినా ఎవరూ ఏడవని మనిషి ఒక్కడే ఉండేవాడు. తపాలా రన్నరు. మా పాలెం వాడే, నాకు మామ వరస. మార్కాపురం తపాలాఫీసు నుంచి పెద్దారవీడు దాకా పది మైళ్లు సంచీ మోసి, అక్కడ ఇంకో రన్నరుకు అప్పజెప్పేవాడు. చేతిలో గజ్జెలు కట్టిన బల్లెం. ఆ గజ్జెల చప్పుడు వినబడితే బండ్లు పక్కకు తప్పుకునేవి. సంచీ భుజాన ఉన్నంతసేపు ఆయన్ను ఆపడం సర్కారు నేరం. మునసబు కూడా ఆపకూడదు! నాకు ఆ ఒక్క మాట చాలు. ఆయన పోతుంటే నోరు తెరుచుకొని చూస్తూ నిలబడిపోయేవాణ్ణి.

ఒకనాడు మామ మా గుడిసె ముందర కూర్చొని అన్నాడు.

"వచ్చే ఎండాకాలంతో నేను మానుకుంటాండా. పోస్టు మాస్టరు కొత్త మనిషిని చూస్తాడంట. సంచీ ఇచ్చి పెద్దారవీడు దాకా తోల్తాడు. రెండు గంటల్లో పోవాల. పోయినోడికి ఉద్యోగం."

"నేను పోతా మామా."

"నువ్వా?" అని నన్ను కిందికీ పైకీ చూసి పకపకా నవ్వినాడు. "యాడిదాకా పరిగెత్తగలవో రేపు చూపీ."

మర్నాడు పొద్దున చూపించాను. సద్ది సంగటి కడుపునిండా తిని, పంచె గోచీ బిగించి, రోడ్డెక్కి, వెనకాముందూ చూడకుండా ఒకటే ఉరుకు. ఊరి బయట తూము దాకా పోయానో లేదో కడుపులో దేవింది. తిన్న సంగటి తిన్నట్టే రోడ్డు మీదికి వచ్చింది. తూము ఎంత దూరమో చెబితే సిగ్గుచేటు. మా ఇంటి దగ్గర నిలబడి పిలిస్తే పలకొచ్చు. మామ తూము మీద కూర్చొని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"పుట్టిన బిడ్డకు ఆ పొద్దే సంగటి పెడతారా? నువ్వు చేసింది అదే" అన్నాడు. "రోడ్డుకు చెట్లుండాయి గదా. రెండు చెట్లు పరిగెత్తు, రెండు చెట్లు నడువు. మళ్లీ రెండు పరుగు, రెండు నడక. ఎనక్కి వచ్చేటప్పుడు గూడ అంతే. ఊపిరి ఎగదన్నేదాకా పోబాక. వారం దినాలు ఇంతే."

మార్కాపురం నుంచి పెద్దారవీడు దాకా రోడ్డుకు రెండు వైపులా వేపచెట్లు వేయించి ఉన్నారు దొరలు. ఆ చెట్లే నాకు బడి. గడ్డికని తెల్లవారకముందే బయల్దేరేవాణ్ణి. రెండు చెట్లు పరుగు, రెండు చెట్లు నడక. మొదటి వారం తూము దాటి పలకరాళ్లు తవ్వే గుంత దాకా. చెప్పుకోవడానికి అదేం దూరం కాదు గానీ, కక్కుకోకుండా చేరాను. రెండో వారం కూడా గుంత దాకానే పొమ్మన్నాడు మామ. నాకు ఓపిక ఎక్కడిది? మూడు చెట్లు పరుగు పెడతానన్నాను. "అట్లయితే నా దగ్గరికి రాబాక" అన్నాడు. మూతి ముడుచుకొని రెండు చెట్లే పరిగెత్తాను.

మూడో నెలకో ఏమో మూడు చెట్లకు ఒక చెట్టు నడక దాకా వచ్చాను. రెండు మైలురాళ్లు దాటి మొదటి పల్లె చేరడం ఆ పొద్దే. పల్లె మొదట్లో గుడిసె ముందు ఒక అవ్వ పొయ్యి మీద ఎసరు పెట్టుకొని ఉంది. నన్ను చూసింది. ఫలానా వెట్టి కొడుకునని గుర్తుపట్టింది. చేతిలో తెడ్డు కింద పడేసింది.

"ఎవురు నాయనా? మా తమ్ముడేనా?"

ఆమె తమ్ముడు గిద్దలూరులో రైలు పట్టాల పనిలో ఉన్నాడు, నెల నుంచి జ్వరంతో. ఆ సంగతి నాకేం తెలుసు? కాదవ్వా, ఎవరూ పోలేదవ్వా అని చెప్పాలి. చెప్పడానికి ఊపిరుంటే కదా! వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని రొప్పుతూ తల అడ్డంగా ఊపాను. ఇంక లేడన్నానని అనుకుంది అవ్వ. పొయ్యిలో నీళ్లు కుమ్మరించి, గుండెలు బాదుకుంటూ రోడ్డు మీద కూలబడింది. నేను నోరు పెగిల్చుకొని "అది కాదవ్వా" అనేలోపల ఆ వీధి వీధంతా ఏడుస్తోంది. ఒకడు గిద్దలూరు పోవడానికి బండి కూడా కట్టేశాడు.

సంగతి తెలిశాక వాళ్లు నన్ను కొట్టిన దెబ్బలు నాకు ఇప్పటికీ ఒక లెక్కలో న్యాయమే అనిపిస్తాయి. "బతికుండే మనిషిని సంపుతావురా" అని అవ్వ నా జుట్టు పట్టుకొని ఊపింది. ఆ సాయంత్రమే పల్లె పెద్దలు మా చావిడికి వచ్చారు. నాయన వాళ్ల ముందర చేతులు జోడించి నిలబడ్డాడు, నేను తల వంచుకొని ఆయన వెనక నిలబడ్డాను.

మునసబు విషయమంతా విని, రన్నరు పరీక్ష సంగతి కూడా విని, మీసం దువ్వుకున్నాడు.

"పరిగెత్తనీలే" అన్నాడు వచ్చినవాళ్లతో. "వాడు రన్నరయ్యేది లేదు, పొయ్యేది లేదు. నేర్చుకున్న పరుగు రేపు మనకే పనికొస్తాది. కబుర్లు బిరబిరా చేరతాయి." మళ్లీ నా వైపు తిరిగి, "నీ కాళ్లు ఊరి కాళ్లురా, గుర్తు పెట్టుకో. పోస్టు మాస్టరు నా చీటీ లేందే నిన్ను సంచీ ముట్టనియ్యడు" అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వనిది నాయనా నేనూ. పోట్లాడితే ఎదురు తిరగొచ్చు, వద్దంటే దొంగతనంగానైనా పరుగెత్తొచ్చు. పరుగెత్తరా అని ఆయనే నవ్వుతూ అంటే నేనేం చెయ్యాలి? ఒక్కొక్క చెట్టూ దాటుతున్నకొద్దీ ఆయనకు పనికొచ్చే మనిషినే తయారు చేస్తున్నానని తెలిసి కూడా పరుగెత్తాలి.

అక్క దగ్గరికి పోయి ఏడ్చాను. మా అమ్మ కలరాలో పోయినప్పుడు నేను ఇంత పిల్లవాణ్ణి, అక్కే నన్ను పెంచింది. అక్కను ఇచ్చింది పెద్దారవీడుకు కూతవేటు దూరంలో ఉన్న పల్లెలో. మా ఊరికి ఎనిమిది మైళ్లు. అక్క నా ఏడుపు అంతా విని, ముక్కు తుడుచుకోమని కొంగు ఇచ్చింది.

"నువ్వు నా ఇంటిదాకా నిలబడకుండా పరిగెత్తుకుంటా రారా. ఆ పొద్దు నీకు ఉద్యోగం వచ్చినట్టే. ఏడుపుల సంగతి నేను చూసుకుంటా" అన్నది.

అన్నట్టే చూసుకుంది. ఆదివారం ప్రార్థనకు నాలుగు పల్లెల వాళ్లు కలిసే చోట, కూలికి పోయిన ప్రతి చేలో, బావి దగ్గర, ప్రతి ఆడమనిషికీ చెప్పింది. "మా తమ్ముడికి పరుగు పిచ్చి పట్టింది. వాడు ఉద్యోగానికి నేర్చుకుంటాండాడు. వాణ్ణి చూసి ఏడవబాకండమ్మా, మీ పుణ్యముంటాది." మొదట్లో జనం నమ్మలేదు. నేను వస్తుంటే పనులాపి, నేను దాటిపోయేదాకా గుండెలు చేత్తో పట్టుకొని చూసేవాళ్లు. నేను ఆగకుండా పోతే హమ్మయ్య అనుకునేవాళ్లు. అలా నెలలు గడిచాయి. తర్వాత తర్వాత నేను పోతుంటే తల కూడా ఎత్తేవాళ్లు కాదు. కొందరు వేళాకోళం మొదలుపెట్టారు. "ఏం అల్లుడా, ఎనకాల పులి వస్తాందా?" అని ఒకడు, "మా ఎద్దు తప్పిపోయింది, పోతా పోతా తోలుకురా" అని ఇంకొకడు. పొయ్యిలో నీళ్లు పోసుకున్న అవ్వ అయితే నేను కనబడగానే ఎసరు పెట్టేది. అంత వేళ తప్పకుండా పోయేవాణ్ణి.

ఆ అవ్వ ఇంటి ముందర రొప్పిన రొప్పు మామకు చెబితే నాకు రెండో పాఠం చెప్పాడు. పరుగెత్తేటప్పుడు మాట్లాడగలగాలి. మాట తెగితే వేగం ఎక్కువైనట్టే, తగ్గించు అన్నాడు. నేను ప్రార్థనలో పాడే పాటలు పాడుకుంటూ పరుగెత్తేవాణ్ణి. చరణం మధ్యలో ఊపిరి అందకపోతే వెంటనే నెమ్మదించేవాణ్ణి. ఎవరూ లేని చోట మునసబును తిట్టేవాణ్ణి. పాటలకన్నా తిట్లకే ఊపిరి బాగా నిలిచేది.

అయిదో రాయి దగ్గర వాగు. వాగు దాకా వచ్చాక నాకు తల తిరిగింది, గర్వంతో. ఒక వారం మామకు చెప్పకుండా దూరం రెట్టింపు చేశాను. వాగుకూ ఊరికీ మధ్య రెండుసార్లు తిరిగాను. మూడో రోజుకు మోకాలి కింద ఎముక పొడవునా సలుపు పట్టుకుంది. కాలు కింద పెడితే ప్రాణం పోయేది. ఆముదపు ఆకు వెచ్చబెట్టి కట్టుకొని పదిహేను రోజులు పడుకున్నాను. మామ వచ్చి నా కాలు వైపు చూసి, "మంచిపని అయింది" అని వెళ్లిపోయాడు. లేచాక మళ్లీ గుంత దాకా. మళ్లీ రెండు చెట్లు పరుగు, రెండు చెట్లు నడక. సిగ్గుతో చచ్చాను. కాని ఈసారి చెప్పిన మాట విన్నాను. వారం ఒకే దూరం, మరు వారం అదే దూరం, మూడో వారం ఇంకో రాయి. నెలకోసారి ఒక వారం దూరం తగ్గించేవాణ్ణి.

నాయన ఇవన్నీ చూస్తూ ఉండేవాడు. ఒక్కసారి మాత్రం అడిగాడు.

"నువ్వు పోతే మాన్యం పోతాది గదరా. నేను యాడ ఉండాల?"

"నా జీతంతో బతుకుదాం నాయనా. నువ్వు ఆ చావిడికి పోబల్లేదు."

"చావిడికి పోకుండా నేనేం చెయ్యాలబ్బా?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు. నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి ఒక ఆదివారం ప్రార్థనకు ముందే బయల్దేరి, ఎక్కడా నడవకుండా, ఎనిమిది రాళ్లూ దాటి అక్క వాకిట్లో నిలబడ్డాను. నిలబడి మాట్లాడాను కూడా. "అక్కా, నీళ్లియ్యి" అన్నాను మామూలుగా. అక్క నన్ను పట్టుకొని గిరగిరా తిప్పింది. పల్లెలో అందరినీ పిలిచి చూపించింది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం నేను వచ్చే వేళకు చెంబుతో నీళ్లు పట్టుకొని రోడ్డు మీదికి వచ్చి నిలబడేది. దూరం నుంచి అరిచేది, తొందరగా రారా, ఇంకా తొందరగా అని. నీళ్లు తాగి, నాలుగు మాటలు చెప్పుకొని, నేను మళ్లీ వెనక్కి పరుగెత్తాలి. పొద్దెక్కేసరికి చావిడి ముందర కనబడకపోతే మునసబు కబురు పెడతాడు. ఎనిమిది మైళ్లు పోయినా, పదహారు మైళ్లు పరిగెత్తినా తిరిగి తిరిగి ఆ చావిడికే రావాలి. కట్టుగొయ్యకు కట్టిన గొడ్డుకు పలుపు పొడుగు చేసినట్టుండేది నా బతుకు.

చీటీ కోసం మునసబు కాళ్లావేళ్లా పడ్డాను. చివరికి ఆయన ఒక మాట మీదికి వచ్చాడు. "మీ నాయన పని నిలబడకుండా చేస్తాంటే, నువ్వు ఒక్క కబురు గూడ మోయకుంటే, పరీక్ష పొద్దున చీటీ ఇస్తా. నువ్వు ఒక్కసారి మోసినా ఊరి మనిషివే, చీటీ లేదు." ఆ మాట నలుగురి ముందరే అన్నాడు. పోస్టు మాస్టరు రోహిణి కార్తెలో ఒక సోమవారం రమ్మన్నాడు. నేను వేళ్లు ముడుచుకుంటూ రోజులు గడిపాను.

ఆ సోమవారానికి ముందు శుక్రవారం నాడు, ఎండ నెత్తిమీదికి వచ్చే వేళ, పెద్దింటి రెడ్డి తల్లి పోయింది. కబురు తర్లుపాడు వైపు పోవాలి. నాయన మోకాలు అప్పటికి కుండంత అయింది. అరుగు మీద నుంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"ఈ ఒక్కసారికి నువ్వు పోరా. కాలు లేవడంలేదు."

"నేను పోతే ఇంకంతే గదా నాయనా. మూడు దినాలే గదా."

నాయన "ఔలే" అన్నాడు. గోడ పట్టుకొని లేచాడు, తలకు గుడ్డ చుట్టుకున్నాడు, వెళ్లాడు. నేను ఆపలేదు. ఆపడానికి నోరు రాక కాదు, ఆపకూడదనే ఆపలేదు. అది దాచిపెట్టి రాయడం నాకిష్టం లేదు.

దోవలో ఎండదెబ్బకు పడిపోయాడని, శనివారం పొద్దుగూకేముందు నాయనను ఎవరిదో బండిలో పడుకోబెట్టుకొని తెచ్చారు. ఒళ్లు పెనంలా కాలుతోంది. గంజి నోట్లో పోస్తే పక్కలకు కారిపోయింది. ఆదివారం కోడి కూసే వేళకు మా నాయన పోయినాడు.

పాలెం వాళ్లందరూ చేరారు. బడి పంతులు వచ్చి ప్రార్థన చేశాడు. రోహిణి ఎండ, శవం నిలవదు, మధ్యాహ్నం దాటకుండా మట్టి చెయ్యాలన్నారు. అప్పుడు నాకు అక్క గుర్తుకొచ్చింది. అక్కకు ఎవరు చెప్పాలి? చెప్పాల్సిన వెట్టివాడు చాప మీద పడుకొని ఉన్నాడు.

"నేను పోతాలేరా, నువ్వు కదలబాక" అన్నాడు రన్నరు మామ. కాని ఆయనకు ఆ పొద్దు సంచీ ఉంది. మార్కాపురం పోయి సంచీ కట్టించుకొని బయల్దేరేసరికి బారెడు పొద్దెక్కుతుంది. ఇంకొక ముసలాయన నేను పోతానన్నాడు. ఆయన నడిచి చేరేసరికి అంబలి తాగే వేళ దాటుతుంది. అక్క ఎనిమిది మైళ్లు నడిచి వచ్చేసరికి నాయన మట్టిలో ఉంటాడు. అక్క నాయన మొహం చూడాలంటే ఆ ఊళ్లో ఒక్కడే పోగలడు. ఆ ఒక్కణ్ణి పది నెలలు పరుగెత్తించి తయారు చేసింది నేనే.

చావిడికి పోయాను. చెప్పకుండా పోవచ్చు కదా అని మీరనొచ్చు. కబురు అక్కకే కాదు, అక్క ఊరికి అవతల ఉన్న పెద్దనాయనకూ, మేనత్తకూ కూడా చేరాలి; ఆ ఊళ్లలో వెట్టి నోటి కబురైతేనే మనుషులు కదులుతారు. చావిడి మాట లేకుండా ఎవడో వచ్చి చెబితే, ఇన్ని నెలలుగా ఊరికే పరుగెత్తే పిచ్చోడు చెబితే, అసలు కదలరు. మునసబు అప్పటికే లేచి అరుగు మీద ఉన్నాడు. పక్కన నలుగురున్నారు. ఆయన ఈసారి నవ్వలేదు. అది కూడా చెప్పాలి.

"ఆలోచించుకో" అన్నాడు. "రేపే గదా నీ పరీక్ష."

"చెప్పండయ్యా" అన్నాను.

ఆయన నాయన పేరు చెప్పాడు. మూడు ఊళ్ల పేర్లు చెప్పాడు. నేను చేతులు కట్టుకొని, అందరికీ వినబడేట్టు, మా నాయన పేరు తిరిగి చెప్పాను, మూడు ఊళ్ల పేర్లు చెప్పాను. ఆ క్షణం నుంచి నేను వెట్టిని. దొరలు పోయి, మద్రాసు పోయి, ఆ ఉద్యోగాలే ఎత్తేసేదాకా నేనే.

రోడ్డెక్కాను. తూము, గుంత, మొదటి పల్లె. అవ్వ నన్ను చూసి ఎసరు పెట్టింది. ఎవరూ తల ఎత్తలేదు. చేలో ఎవడో "ఈ పొద్దు ఏంది ఇంత బిరబిరా" అని అరిచాడు. పాట పాడలేదు, తిట్టలేదు. ఊపిరి సరిపోయిందో లేదో చూసుకోలేదు. వాగు ఎప్పుడు దాటానో గుర్తు లేదు. జన్మలో అంత వేగంగా నేను మళ్లీ పరుగెత్తలేదు.

ఆదివారం కదా. అక్క రోడ్డు మీద చెంబు పట్టుకొని నిలబడి ఉంది. నన్ను చూసి ఎగిరి గంతేసింది.

"ఒరే తమ్ముడా, ఇంకా పొద్దు చెట్లు దాటలేదురా! ఇంత తొందరగా ఎప్పుడూ రాలేదు నువ్వు. రేపు ఆ ఉద్యోగం నీదేరా, రాసిపెట్టుకో!" అంటూ ఎదురొచ్చి చెంబు నా చేతిలో పెట్టింది. నా చెమట కొంగుతో తుడిచింది. నేను నీళ్లు తాగాను. సిగ్గులేకుండా చెంబెడూ తాగాను. తాగినంతసేపూ అక్క నవ్వుతూ నా మొహం చూస్తూనే ఉంది. ఆ నవ్వు ఇంకొంచెంసేపు ఉండనీ అని తాగాను.

"రేపు పరీక్షకు పోనక్కా" అన్నాను. "చావిడిలో పేరు చెప్పొచ్చినా."

"ఎవురి పేరు?" అన్నది.

"నాయన పేరు."

అక్క రోడ్డు మీదే కూలబడి రెండు చేతులతో నా కాళ్లు పట్టుకుంది. "నాతో ఉండరా, ఒక్క గడియ కూర్చోరా" అని ఏడ్చింది. నాకూ ఆమె పక్కన కూలబడి ఏడవాలనిపించింది. కాని పెద్దనాయన ఊరు ఇంకా రెండు మైళ్లు. అక్కడి నుంచి మేనత్త ఊరు ఇంకో మైలు. ఎండ ఎక్కుతోంది. నా కాళ్ల మీద నుంచి అక్క చేతులు ఒక్కొక్క వేలే విడదీసి, మళ్లీ పరుగెత్తాను.